పిల్లి కనిపించడం లేదా? ముందు మెట్ల కింద చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తప్పిపోయిన పిల్లుల గురించే. దీపావళి టపాసుల తర్వాత ఏటా ఇదే వరస. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది మూడో అంతస్తు ఫ్లాటు. రెండేళ్ల ఆడ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, ఏనాడూ గడప దాటలేదు. మొన్న గ్యాస్ బండ తెచ్చినప్పుడు తలుపు తెరిచి ఉండటంతో ఎటో వెళ్లిపోయింది. రెండు రోజులుగా పేరు పెట్టి పిలుస్తూ కాలనీ అంతా తిరుగుతున్నాం. వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫొటో పెట్టాం. జాడ లేదు. ఇంకెక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: కాలనీ తిరగడం ఇవాళ్టికి ఆపండి. ఇంట్లోనే పెరిగిన పిల్లి బయటపడితే దూరం పోదు. మొదట కనిపించిన చీకటి సందులో దూరి అక్కడే నక్కుతుంది. తప్పిపోయిన పన్నెండు వందలకు పైగా పిల్లుల వివరాలు సేకరించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. దొరికిన పిల్లుల్లో 75 శాతం, పోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. ఊరంతా తిరిగే పిల్లుల్ని కూడా కలుపుకుని వచ్చిన లెక్క అది. గడప దాటని పిల్లికి ఆ దూరం ఇంకా చాలా తక్కువ. కాబట్టి మీరు ముందు వెతకాల్సింది మీ బిల్డింగునే.

పిలిస్తే పలకడం లేదు కదా, అంటే దగ్గర్లో లేదన్నమాట అనుకుంటారు అందరూ. అది నిజం కాదు. భయపడ్డ పిల్లి, దెబ్బ తగిలిన పిల్లి నోరు మెదపదు. మీరు రెండడుగుల దూరంలో నిలబడి పిలుస్తున్నా, అది మీ గొంతు గుర్తుపట్టినా సరే, కదలదు. పదిమంది కలిసి టార్చిలు పట్టుకుని కేకలేస్తూ తిరిగితే ఇంకాస్త లోపలికి దూరుతుంది. వెతకడానికి ఇద్దరు చాలు.

మొదటి పని సీసీ కెమెరా. బిల్డింగ్ అసోసియేషన్ వాళ్లను ఈరోజే అడగండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతూ ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే దొరకదు. గ్యాస్ అబ్బాయి వచ్చిన సమయానికి ముందు ఐదు నిమిషాలు, తర్వాత అరగంట చూస్తే సరిపోతుంది. గేటు దాటినట్టు కనిపించకపోతే సగం పని అయిపోయినట్టే.

తర్వాత మీ ఫ్లాటు నుంచే మొదలుపెట్టండి. మీ ఇంట్లోనే ఉండి ఉండవచ్చు కూడా. మంచం అరల్లో, బీరువా పైన, వాషింగ్ మెషిన్ వెనక, ఫ్రిజ్ అడుగున, అటక మీద చూశాకే బయటికి రండి. బయట అంతస్తు అంతస్తుకీ చెప్పుల స్టాండ్లు, మీటర్ల పెట్టెల కింద, పైపులు దిగే డక్టు. డక్టులోకి జారిన పిల్లి తనంతట తాను పైకి రాలేదు. అందుకే ప్రతి అంతస్తులో బాత్రూమ్ కిటికీలోంచి కిందికి టార్చి వేయించండి. కిటికీల మీది సజ్జలు కూడా మరవద్దు. పైన టెర్రస్ మీద లిఫ్టు మెషిన్ గది, ట్యాంకుల సందులు, సోలార్ హీటరు పలకల కింద. కింద సెల్లార్లో జనరేటర్ వెనక, పాత సామాన్ల మూల, కవరు కప్పిన బైకులు, కార్ల ఇంజిన్ భాగం. బానెట్ మీద నాలుగు సార్లు తట్టాకే బండి తీయమని వాచ్‌మన్‌తో అందరికీ చెప్పించండి. సంపు మూత పక్కకి జరిగి ఉంటే అందులోకీ తొంగిచూడాలి.

పక్క ఫ్లాట్ల వాళ్లను ‘మా పిల్లిని చూశారా’ అని అడిగితే ‘లేదండీ’ అనే వస్తుంది జవాబు. వాళ్లు నిజమే చెబుతారు, కానీ వెతికి చెప్పరు. ‘ఒక్క ఐదు నిమిషాలు మీ బాల్కనీ, మంచాల కింద చూసుకోనిస్తారా’ అని అడగండి. అదే రోజు ఊరెళ్లి తాళం వేసిన ఫ్లాటు ఏదైనా ఉందేమో కనుక్కోండి. తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్లిన పిల్లి, తాళం పడ్డాక లోపలే ఉండిపోవడం మామూలుగా జరిగేదే. అలాంటప్పుడు ఫోన్ చేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగి తెరిపించాలి. మొహమాటపడితే లోపలున్నదానికి నీళ్లు కూడా ఉండవు.

రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 వరకు మంచి సమయం. బళ్ల చప్పుడు, కుక్కల హడావిడి తగ్గాక పిల్లి కాస్త కదులుతుంది. టార్చిని చేతిలో కిందకి కాకుండా మీ కంటి పక్కనే, నుదురు ఎత్తులో పట్టుకోండి. అలా అయితేనే దాని కళ్ల మెరుపు తిరిగి మీ కంటికే వస్తుంది. మామూలు పిల్లికి పచ్చగానో పసుపుగానో, నీలికళ్ల పిల్లికి ఎర్రగానో మెరుస్తాయి. వెలుగును నెమ్మదిగా తిప్పండి. ఒక్కోచోట పావుగంట కింద కూర్చుని, రోజూ ఇంట్లో మాట్లాడే మాటలే మెల్లగా మాట్లాడండి. రోజూ తిండి పెట్టే డబ్బా చప్పుడు చేయండి.

కనిపించిందా, పరుగెత్తకండి. పట్టుకోబోతే జారిపోయి రెండోసారి ఇంకా లోతుగా దాక్కుంటుంది. పక్కకు తిరిగి కూర్చుని, కళ్లలోకి సూటిగా చూడకుండా, తిండి పెట్టి దగ్గరికి రానివ్వండి. చేతికి అందితే మందపాటి తువ్వాలు కప్పి, తలతో సహా చుట్టి, బుట్టలో పెట్టి మూత వేయాలి. చేతుల్లో మోసుకెళ్లవద్దు. మెట్ల మీద ఒక కుక్క మొరిగిందంటే మీ చేతులు చీరేసి దూకుతుంది.

ప్రశ్న: మా పిల్లి ఎదురింటి గొడ్ల పాకలో ఉందని తెలుసు. మూడు రాత్రులుగా కనిపిస్తోంది, దగ్గరికెళితే పారిపోతోంది. బోను పెట్టమంటున్నారు. ఎలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఎలుకల బోను పనికిరాదు. పిల్లికి కనీసం 75 సెంటీమీటర్ల పొడవు, 25–30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇనుప బోను కావాలి. అంతకంటే పొట్టిదైతే తలుపు తోక మీదో నడుము మీదో పడుతుంది. జంతు సంరక్షణ సంస్థల దగ్గర, కొందరు పశువైద్యుల దగ్గర అరువుకు దొరుకుతుంది.

మొదటి రెండు రాత్రులు తలుపును తాడుతో తెరిచి కట్టేసి, లోపల తిండి మాత్రం పెట్టండి. అది వెళ్లి తిని రావడం అలవాటయ్యాక మూడో రాత్రి తాడు విప్పాలి. అడుగున కడ్డీలు పాదాలకు తగిలితే వెనక్కి పోతుంది కాబట్టి పాత గుడ్డ పరవండి, కానీ తొక్కుడు పలక కింద గుడ్డ ఇరుక్కోకుండా చూడండి. ఇరుక్కుంటే పలక దిగదు, తలుపు పడదు. బోను కదలకుండా సమంగా ఉండాలి. వెనక వైపు మూడింట రెండు వంతులు దుప్పటి కప్పాలి.

ఎరగా సెగ మీద కాల్చిన ఎండు నెత్తళ్లను మించింది లేదు. కావలసింది వాసనే కాబట్టి గుప్పెడు చాలు. ఉప్పు ఎక్కువ గనుక కడుపు నిండా పెట్టవద్దు. ఎరను పలక దాటాక చివర పెట్టాలి. ముందుంటే మెడ చాచి తిని వెళ్లిపోతుంది. మన దగ్గర అసలు శత్రువు చీమలు. ఎర గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి. చీమల సుద్దముక్కతో గీత మాత్రం గీయవద్దు. అందులో ఉండే మందు పిల్లులకు విషం.

గంటకోసారి వెళ్లి చూడాలి. ఎండలో బోను వదలడమంటే చంపడమే. వేరే పిల్లి పడితే వదిలేసి మళ్లీ పెట్టండి. మీ పిల్లి పడితే బోనుతో సహా ఇంట్లోకి తెచ్చి, తలుపులు, కిటికీలు మూశాకే తెరవండి.

ప్రశ్న: పద్దెనిమిది నెలల మగ పిల్లి. ఆపరేషన్ చేయించలేదు. ఒకటి రెండు రోజులు పోయి రావడం అలవాటే కానీ ఈసారి ఐదు రోజులైంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆడ పిల్లి ఎదకు వచ్చిన వాసన పట్టుకుని పోయి ఉంటుంది. మగ పిల్లికి వీధులు దాటడం పెద్ద పని కాదు. ఇక్కడ బిల్డింగు వెతుకులాట కాదు, మనుషుల్ని అడగడమే దారి. అందరికంటే ముందు తెల్లవారకముందే వీధిలో తిరిగే వాళ్లను అడగండి: పాలు పోసేవాళ్లు, పేపరు వేసేవాళ్లు, చెత్త బండి వాళ్లు. తర్వాత చేపల మార్కెట్టు, మాంసం కొట్లు, ఇస్త్రీ బండి. రోజూ పిల్లులకు అన్నం పెట్టే ముసలావిడ ఏ వీధిలోనైనా ఒకరుంటారు. ఆవిడకు తెలియని పిల్లి ఉండదు. పిల్లి ఎదురొస్తే అపశకునమని తరిమేవాళ్ల సంగతి కూడా ఆవిడే చెబుతుంది.

షట్టరు వేసిన గోదాములు, పెళ్లి తర్వాత మూసేసిన ఫంక్షన్ హాళ్లు తెరిపించి చూడండి. తిరిగొచ్చాక తోక మొదట్లో, చెంపల మీద వేళ్లతో తడమండి. పోట్లాటలో పడ్డ పంటిగాటు పైకి మానినట్టుండి లోపల చీము పడుతుంది. ఆపరేషన్ ఇక వాయిదా వేయకండి. చేయించిన వెంటనే తిరుగుడు ఆగదు. ఒంట్లోని హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా తలుపులు మూయండి.

ప్రశ్న: ఇల్లు మారాం. నాలుగో రోజున పిల్లి పోయింది. పాత ఇల్లు 12 కిలోమీటర్లు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు కొత్త ఇంటి చుట్టుపక్కలే, పైన చెప్పినట్టు వెతకండి. పాత ఇంటి ఓనరుకు, ఎదురింటివాళ్లకు ఫోటో పంపి చెప్పి ఉంచండి. అంత దూరం నడిచి వెళ్లే అవకాశం తక్కువే కానీ, చెప్పడానికి ఖర్చేం లేదు. మీరు కట్టి విప్పిన చీర, వాడిన దుప్పటి గుమ్మం దగ్గర ఉంచండి. మలమూత్రాల ట్రే బయట పెట్టమని చాలామంది చెబుతారు, మేం వద్దంటాం. ఆ వాసనకు ఆ వీధి మగ పిల్లులొచ్చి కాపలా కాస్తే మీది దగ్గరికి రాదు. దొరికాక కనీసం మూడు నాలుగు వారాలు బయటికి వదలకండి.

ప్రశ్న: పోస్టరు చూసి ఒకతను ఫోన్ చేశాడు. పిల్లి తన దగ్గరే ఉందట, ఆటో ఖర్చులకు ముందు రెండు వేలు పంపమంటున్నాడు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పంపకండి. ఇప్పుడే వీడియో కాల్‌లో చూపించమనండి. ఒక గుర్తు, ఉదాహరణకు వెనక కుడి పాదం కింద నల్ల మచ్చ, పోస్టరులో రాయకుండా దాచుకోవాలి. అది అడిగితే అబద్ధం తేలిపోతుంది. డబ్బు ‘రావడానికి’ పిన్ కొట్టమన్నా, క్యూఆర్ స్కాన్ చేయమన్నా అది మోసమే. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

పోస్టరులో ఒకే పెద్ద ఫొటో, పక్కనుంచి ఒళ్లంతా కనిపించేది. బైకు మీద వెళ్లేవాడు చదవగలిగేంత పెద్ద అక్షరాలు. జాతి పేరు, కొన్న ధర రాయవద్దు. దొరికినవాడికి అమ్ముకునే ఆలోచన వస్తుంది. వానాకాలమైతే ప్లాస్టిక్ కవరు తెరిచిన వైపు కిందికి ఉండేలా అంటించండి.

ప్రశ్న: పాడుబడ్డ బావిలో పిల్లి అరుస్తోంది. దిగవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: దిగవద్దు. పాత బావుల్లో విషవాయువులు ఉంటాయి, మనుషులు పోతారు. ఫైర్ సర్వీసు వాళ్లకు, 101కి ఫోన్ చేయండి. వాళ్లొచ్చేలోగా గంపలో తడి గోనెసంచి పరిచి, తాడు కట్టి దింపితే పట్టుకుని ఎక్కి కూర్చోవచ్చు. కరెంటు స్తంభం మీదైతే కర్రలు వాడకండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పి లైను ఆపించండి.

ప్రశ్న: తొమ్మిది రోజులకు వచ్చింది! బాగా చిక్కిపోయింది. ఎత్తుకోబోతే గీరింది. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ చెయ్యి. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. రక్తం రాకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయం దగ్గర ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది, డాక్టరుకు ఆ మాట చెప్పండి.

పిల్లికి నీళ్లు పెట్టండి, పాలు వద్దు. విరేచనాలై, ఒంట్లో ఉన్న నీరూ పోతుంది. ఉడికించిన ఉప్పులేని కోడిమాంసం పెద్ద చెంచాడు చొప్పున మూడు నాలుగు గంటలకోసారి. గిన్నె నిండా ఒకేసారి పెట్టడం ప్రమాదం. అసలు తినకపోతే ఇంకా ప్రమాదం: రెండు మూడు రోజులు పస్తున్న పిల్లికి, అందులోనూ ముందు లావుగా ఉన్నదానికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో చేరి కామెర్లు వస్తాయి. చిగుళ్లు, చెవి లోపలి తోలు పసుపుగా కనిపించినా, ఒక రోజంతా తినకపోయినా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పిగా ఉందేమోనని పారాసిటమాల్ ఇవ్వకండి. అర మాత్ర కూడా పిల్లిని చంపుతుంది.

అక్కడే మైక్రోచిప్ వేయించండి. బియ్యపు గింజంత ఉంటుంది, చర్మం కింద ఇంజెక్షన్‌లా వేస్తారు, స్కానరు పెడితే 15 అంకెల నంబరు చూపిస్తుంది. ఎక్కడుందో చెప్పే జీపీఎస్ కాదది. ఆ నంబరు పక్కన మీ ఫోన్ నంబరు నమోదైందో లేదో క్లినిక్‌లోనే అడిగి చూసుకోండి. నమోదు కాని చిప్ వల్ల ప్రయోజనం లేదు.