నీటి మీద పులస నిలవదు
పాఠకుల సాంకేతిక సందేహాలు – జవాబులు

ప్రశ్న: కాకినాడలో మేం నలుగురం ఇంజనీరింగ్ విద్యార్థులం. పులసను అంతర్వేది నుంచి ధవళేశ్వరం దాకా ఏటికి ఎదురీదించే ఏఆర్ ఆట (ఫోన్ కెమెరాలో కనిపించే దృశ్యం మీద బొమ్మల్ని కలిపి చూపేది) చేస్తున్నాం. ఆటలు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో, ఏఆర్ కోసం ఉన్న ఏఆర్ ఫౌండేషన్ వాడుతున్నాం, ఆండ్రాయిడ్‌కి మాత్రమే. దారిలో ఐదు రేవుల దగ్గర ఐదు ఘట్టాలు అనుకున్నాం. 42 రోజుల్లో ప్లే స్టోర్‌లో ఉండాలి. ఇప్పటికి చేప ఈదడం ఒక్కటే అయింది. పని ఎలా పంచుకోవాలి?

జవాబు: ముందు చివరి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మీ ప్లే ఖాతా వ్యక్తిగతమై, 2023 నవంబరు 13 తర్వాత తెరిచినదైతే, కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మీరు పిలిచినవాళ్లే ఆడి చూసే పరీక్షలో) ఉండాలి. ఆ తర్వాతే అందరికీ విడుదల చేయడానికి అనుమతి అడగనిస్తారు. దానికో వారం, యాప్ రివ్యూకి మరో వారం పక్కన పెట్టుకోండి. మొత్తం 28 రోజులు. అంటే మొదటి బిల్డ్ (ఫోన్‌లో ఆడించగల ఆట ఫైలు) 14వ రోజుకి ప్లే స్టోర్‌కి ఎక్కాలి, 12వ రోజుకే ఎక్కిస్తే ఊపిరాడుతుంది. అది పూర్తి ఆట కానక్కర్లేదు. ఒక్క ఘట్టం మొదలు నుంచి గెలుపు దాకా ఆడగలిగితే చాలు. టెస్టింగ్ నడుస్తుండగా కొత్త బిల్డ్‌లు ఎక్కించుకోవచ్చు. టెస్టర్లను మాత్రం 16 మందిని పెట్టుకోండి, ఒకరిద్దరు మధ్యలో తప్పుకోవడం మామూలే. వాళ్ల ఫోన్లు ఏఆర్‌కోర్ (ఆండ్రాయిడ్‌లో ఏఆర్‌ని నడిపే గూగుల్ సాఫ్ట్‌వేర్) జాబితాలో ఉన్నాయో లేదో ముందే చూడండి. చవక ఫోన్లు చాలా వాటిలో అది పనిచేయదు. కాలేజీకి సంస్థ పేరిట ప్లే ఖాతా ఉంటే ఈ 12 మంది షరతే ఉండదు, ఈరోజే అడగండి.

ఐదు రేవుల్ని రెండు చేయండి. మనసొప్పదని తెలుసు. కానీ ప్రతి రేవుకీ వెలుతురు వేరు, నిలబడే చోటు వేరు, పరీక్ష వేరు. కాకినాడ నుంచి అంతర్వేది వెళ్లి ఒక్కసారి పరీక్షించి రావడానికే ఒక రోజు పోతుంది.

తేదీ కంటే పెద్ద చిక్కు నీరు. కదలని గుర్తుల్ని కెమెరాలో పట్టుకుని ఏఆర్‌కోర్ తలాన్ని, అంటే బొమ్మను నిలబెట్టే చదునైన చోటుని, లెక్కకడుతుంది. గోదావరి నీరు కదులుతుంది, మెరుస్తుంది. అందుకే తలం దొరకదు, దొరికినా జారిపోతుంది, చేప గాల్లోకి లేస్తుంది. తలాన్ని రేవు మెట్టు మీద పట్టుకోండి. యాంకర్‌ని (బొమ్మను కట్టి ఉంచే స్థిర బిందువుని) అక్కడే వేసి, చేపను దానికి రెండు మూడడుగుల కింద, కాస్త ముందుకు ఉంచండి. యాంకర్ నుంచి 8 మీటర్లు దాటనివ్వకండి, దాటితే చేప ఊగుతుంది. పాకుడు పట్టిన మెట్టు కంటే ఎండిన పై మెట్టు మేలు. దీన్ని మొదటి వారంలోనే రేవు దగ్గర, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చూడండి.

చేపను జీపీఎస్‌తో నిలబెట్టాలని చూడకండి. ఆరుబయట కూడా 5 నుంచి 10 మీటర్లు తేడా వస్తుంది. ఆటగాడు రేవుకి చేరాడని తెలుసుకోవడానికి 40 మీటర్ల వలయం పెట్టి, అంతవరకే వాడండి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 ఉక్కు గేట్లు. అంత ఉక్కు పక్కన ఫోన్ దిక్సూచి కూడా తప్పు చూపిస్తుంది.

ఇద్దరు కోడ్, ఒకరు బొమ్మలు, శబ్దం. నాలుగో మనిషి పరీక్షలకే, ఇంకో పని వద్దు. 30వ రోజు తర్వాత కొత్త ఊహలేవీ ఆటలోకి రానివ్వకండి.

ప్రశ్న: మా ఏఆర్ బోర్డుని (కెమెరా చూపిస్తే ఆట మొదలయ్యే అచ్చు బొమ్మని) ఇంట్లో ఫోన్ వెంటనే గుర్తుపడుతోంది. కొబ్బరితోటలో పెడితే పట్టడం లేదు. (అమలాపురం)

జవాబు: మెరిసే లామినేషన్ తీసేసి మ్యాట్ వినైల్ మీద వేయించండి. ఆకుల నీడ బొమ్మ మీద ఆడుతుంటే ఫోన్‌కి అది మరో బొమ్మే, అందుకని పూర్తి నీడలో పెట్టండి. ఒకే ఆకు, ఒకే గీత పదేపదే వచ్చే డిజైన్ పనికిరాదు. బొమ్మ ఎంత బాగా గుర్తుపట్టేలా ఉందో మార్కులిచ్చే ఏఆర్‌కోర్ వారి ఆర్కోర్‌ఇమ్‌జీ (arcoreimg) టూల్‌లో కనీసం 75 రావాలి. ఫైలు కనీసం 300×300 పిక్సెళ్లు, అచ్చు 15×15 సెంటీమీటర్లు ఉండాలి. మొదటిసారి పట్టేటప్పుడు బొమ్మ తెరలో పావు వంతు నిండాలి. ఏ3 బోర్డుకైతే సుమారు రెండడుగుల దగ్గరికి రావాలి. అక్కడ నేల మీద పాదాల గుర్తు వేయించండి.

ప్రశ్న: పది నిమిషాలకే ఫోన్ కాలిపోతోంది, ఆట తడబడుతోంది. (రాజమహేంద్రవరం)

జవాబు: వేడెక్కితే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చేప నిలబడ్డాక తలాల వెతుకులాట ఆపేయండి. రియల్‌టైమ్ నీడలు, డెప్త్ (ఎదుటి వస్తువుల దూరాల లెక్క) తీసేయండి. చాలా ఫోన్లలో ఏఆర్ కెమెరా ఇచ్చేది 30 ఫ్రేములే కాబట్టి ఆటనూ 30కి కట్టేయండి. ఒక్కో ఘట్టం మూడు నిమిషాల్లో ముగిసేలా చూడండి.