పాఠకుల ప్రశ్న: ఆట తయారు చేయడం పరిశోధన అవుతుందా?

ప్రశ్న: విశాఖపట్నంలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లపై స్క్రాచ్‌లో (పిల్లల కోసం రూపొందించిన ప్రోగ్రామింగ్ సాధనం) కంప్యూటర్ ఆట తయారు చేస్తామంటున్నారు. దీనిని పరిశోధన ప్రాజెక్టుగా అంగీకరించవచ్చా, లేక కాలక్షేపమేనా అని మా ప్రధానోపాధ్యాయులు సందేహిస్తున్నారు. మీ సలహా కోరుతున్నాను.
— ఒక ఉపాధ్యాయిని, మద్దిలపాలెం

జవాబు: అంగీకరించండి, కాని ఎటువంటి ఆట అన్నది చూడండి. తాబేలు బొమ్మను నొక్కితే ప్రశ్న వచ్చి, సరైన జవాబుకు పది మార్కులు పడే ఆట పాఠం చివరి అభ్యాసానికి రంగులు అద్దినదే. (పిల్లలు మొదట తెచ్చేది చాలావరకు అదే, కోప్పడకండి.)

ఆటకు నియమం రాయవలసి వచ్చినప్పుడే పరిశోధన మొదలవుతుంది. గూటిలో గుడ్లెన్ని, అవి ఎన్ని రోజులకు పిల్లలవుతాయి, పిల్ల తాబేలు ఎంత వెలుగుకు దారి తప్పి సముద్రాన్ని విడిచి రోడ్డువైపు మళ్లుతుంది అన్న ప్రతిచోటా ప్రోగ్రాముకు ఏదో ఒక అంకె ఇవ్వక తప్పదు. ఒక గూటిలో సుమారు వంద గుడ్లుంటాయని, ఇసుక వేడిని బట్టి 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటపడతాయని, అవి ఆడవా మగవా అన్నదీ ఆ వేడిమీదే ఆధారపడుతుందని పుస్తకాలు చెబుతాయి. ఆర్.కె. బీచ్ నుంచి సాగర్‌నగర్ దాకా ఇసుకమీద వెలుగు పడే దీపాలెన్నో మాత్రం పెద్దల తోడుతో సాయంత్రంపూట వెళ్లి లెక్కపెట్టవలసిందే. గూళ్ల సంగతి అటవీ శాఖ సిబ్బందిని అడగాలి గాని, వాటిని తాకకూడదు. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది.

మీ ప్రధానోపాధ్యాయులకు ఎవరైనా ఫోల్డిట్ అనే కంప్యూటర్ ఆట ఉదాహరణ చెప్పవచ్చు. 2011లో ఆ ఆట ఆడేవారు ఒక వైరస్ ఎంజైము ఆకృతిని కనిపెట్టడానికి తోడ్పడ్డారు. అయితే ఆటను తయారు చేసినది శాస్త్రవేత్తలు. మీ పనికి దగ్గరిది, 1990ల తొలినాళ్లలో యాస్మిన్ కఫాయ్ అనే విద్యా పరిశోధకురాలు అమెరికాలో నాలుగో తరగతి పిల్లలచేత చిన్న తరగతులకు భిన్నాలు నేర్పే ఆటలు తయారు చేయించిన ప్రయత్నం.

కంప్యూటరు ముందు కూర్చోబెట్టేలోపు పులి–మేక పటంలాంటిదొకటి కాగితంమీద గీయించి, కుక్కలు, పీతలు ఒకవైపు, పిల్ల తాబేళ్లు మరొకవైపు పెట్టి ఆడించండి. నియమాలలోని లొసుగులు అక్కడే బయటపడతాయి. ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు, ఎందుకు మార్చారు అన్నది నోటుపుస్తకంలో తేదీతో రాయించి, మార్కులు దానికే ఎక్కువగా వేయండి. దీపాలున్న ఆటను, దీపాలు తీసేసిన ఆటను ఎనిమిదో తరగతివారిచేత ఆడించి ఫలితాలు పోల్చవచ్చు. అయితే తెరమీద సముద్రం చేరిన తాబేళ్ల లెక్క పిల్లలు రాసిన నియమాల ఫలితమే గాని, తీరంలో తీసిన లెక్క కాదని నివేదికలో వారిచేతనే రాయించండి.