పట్టా లేని బస్తీలో ఇళ్ల బాగుకు ఒప్పందం: సంతకానికి ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మా బస్తీ మునిసిపల్ స్థలంలో ఉంది. ముప్పై ఏళ్లు దాటింది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు కడుతున్నాం కానీ పట్టాలు లేవు. మేం కొంత వాటా వేసుకుంటే మిగతా డబ్బు తెచ్చి పైకప్పులు, మరుగుదొడ్లు, డ్రైనేజీ బాగుచేయిస్తామని ఒక స్వచ్ఛంద సంస్థ ముందుకొచ్చింది. బస్తీ కమిటీతో ఒప్పందం రాస్తారట. ప్రతి ఇంటి నుంచీ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) కూడా అడుగుతున్నారు. సంతకం పెడితే ఉన్న ఇల్లు కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పవర్ ఆఫ్ అటార్నీ సంగతి. అది ఇవ్వకండమ్మా. కప్పు మార్చడానికి, మరుగుదొడ్డి కట్టడానికి మీ ఇంటి మీద సర్వాధికారాలు ఎవరికీ అక్కర్లేదు. అనుమతుల కోసమే అంటే, ఫలానా ఆఫీసులో ఫలానా దరఖాస్తు ఇవ్వడానికి అని ఆ ఒక్క పనికే పరిమితమైన అధికార పత్రం రాసిస్తే సరిపోతుంది. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. అయినా ఆ కాగితం పట్టుకుని ఎవరో వచ్చి మీ గుమ్మం ముందు నిలబడితే, అది చెల్లదని రుజువు చేయడానికి కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే.

ఇక అసలు ఒప్పందం. మీరు సంస్థతో మాత్రమే రాసుకుంటే, స్థలం సొంతదారు అందులో లేనట్టే. సంతకం పెట్టని వాళ్లను ఒప్పందం కట్టిపడేయదు. రేపు రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ వస్తే, మీ వాటా డబ్బుతో వేసిన శ్లాబుకు ఎవరూ పూచీ ఉండరు. అందుకే మునిసిపాలిటీ, సంస్థ, బస్తీ కమిటీ ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందమే అడగండి. మునిసిపాలిటీని ఇది అడగడం బతిమాలుకోవడం కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మురికివాడల అభివృద్ధి పట్టణ స్థానిక సంస్థల పనిగానే రాసి ఉంది. మన దేశంలో జరిగిన పనే కూడా. అహ్మదాబాద్‌లో 1990లలో మొదలైన స్లమ్ నెట్‌వర్కింగ్ ప్రాజెక్టులో ఒక్కో కుటుంబం 2,000 రూపాయల వాటా వేసుకుంది. పదేళ్లపాటు ఖాళీ చేయించబోమని అక్కడి కార్పొరేషన్ రాతపూర్వకంగా హామీ ఇచ్చింది. అది పట్టా కాదు. కానీ ఇంటి మీద డబ్బు పెట్టడానికి ధైర్యం ఇచ్చిన కాగితం.

అయితే ఆ స్థలం నిజంగా మునిసిపాలిటీదేనా? అందరూ మునిసిపల్ స్థలం అనుకునేది రికార్డులో రెవెన్యూ పోరంబోకు కావచ్చు, చెరువు శిఖం (చెరువు లోపలి భూమి) కావచ్చు, రైల్వేది కావచ్చు. తనది కాని స్థలం మీద మునిసిపాలిటీ ఇచ్చే హామీ మిమ్మల్ని కాపాడదు. సర్వే నంబరుతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. అది చూశాకే ముందుకెళ్లండి.

ఒప్పందంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఒక్క వాక్యం. "మేము ఆక్రమణదారులము, ఎప్పుడు కోరితే అప్పుడు ఖాళీ చేయగలవారము" అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఇలాంటి మాట తరచూ చివరి పేజీల్లో, సాధారణ షరతుల మధ్య కలిసిపోయి ఉంటుంది. ప్రభుత్వ భూమి విషయంలో స్వాధీనం కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం (దావాలకు గడువులు పెట్టే చట్టం) ప్రభుత్వానికి 30 ఏళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు దాటాక, ఇన్నేళ్లు అనుభవించిన మాకే హక్కు అని వాదించే వీలుంటుంది; ఆ వాక్యం కింద సంతకం పెడితే ఆ వాదన దెబ్బతింటుంది. ముప్పై ఏళ్లు దాటాయి కాబట్టి స్థలం మీదైపోయిందని మాత్రం అనుకోవద్దు. ఇన్నేళ్లూ సొంతదారుకు వ్యతిరేకంగా, బహిరంగంగా, తెగకుండా అనుభవించారని మీరే రుజువు చేయాలి. ప్రభుత్వ భూముల్లో కోర్టులు దీన్ని చాలా కఠినంగా చూస్తాయి. పన్ను రసీదులు మీరక్కడ ఉంటున్నారని చూపుతాయి తప్ప యాజమాన్యాన్ని ఇవ్వవు. ఆ వాదన ఎంత బలహీనమైనదైనా, మీ చేత్తో మీరే దాన్ని చంపుకోవడం ఎందుకు? ఆ వాక్యం కొట్టేయించి, దాని చోట ఇలా రాయించండి: "ఈ ఒప్పందం వలన నివాసితులకు ఇప్పటికే ఉన్న హక్కులకు గానీ, పట్టా కోసం వారు చేసిన, చేయబోయే దరఖాస్తులకు గానీ భంగం కలుగదు." నా మటుకు, ఈ మాటకు ఒప్పుకోని వాళ్లతో పని మొదలుపెట్టవద్దనే చెబుతాను.

పనుల కోసం కొన్నాళ్లు వేరేచోట ఉండమంటే, ఎక్కడ, ఎన్ని నెలలు, ఆ అద్దె ఎవరిది, తిరిగి అదే స్థలంలోకి ఎప్పుడు అనేవి తేదీలతో ఉండాలి. ఇళ్ల జాబితా ఒప్పందానికి జతచేయాలి, అందులో ప్రతి ఇంటికీ భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఒంటరి స్త్రీ ఉన్న ఇంటికి ఆమె పేరే రాయాలి, దూరాన ఉన్న అన్నదమ్ముడి పేరు కాదు. అద్దెకుంటున్న వాళ్లనూ లెక్కలో చూపండి. లేకపోతే ఇల్లు బాగుపడ్డాక మొదట రోడ్డున పడేది వాళ్లే.

డబ్బు విషయం తేలికే. తెలుగు రాష్ట్రాల్లో ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కమిటీని రిజిస్టర్ చేసుకోవచ్చు. వాటా సొమ్ము కమిటీ బ్యాంకు ఖాతాలోనే వేయండి, చేతికి ఇవ్వకండి. పని ఎంత జరిగితే అంతకే చెల్లించండి.

గతంలో ఎవరైనా "ఖాళీ చేయకపోతే రేపే కూలగొడతాం" అని బెదిరించి ఉంటే గుర్తుంచుకోండి: ముందుగా నోటీసు ఇచ్చి, మీ మాట వినాలన్నది మామూలు నియమమని 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల విషయంలో వచ్చిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుట్‌పాత్‌ను ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదని కూడా అదే తీర్పు చెప్పింది కాబట్టి, దాన్నే నమ్ముకుని లక్షలు ఖర్చు పెట్టకండి.

ముసాయిదా ఇంకా చేతికి రాకపోతే తెలుగులో కాపీ అడిగి తీసుకోండి. దాన్ని పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. ప్రతి పేజీ చదివించుకున్నాకే, బస్తీ అంతా కూర్చున్న సమావేశంలో తీర్మానం రాసి, ఆ తర్వాత సంతకాలు పెట్టండి.