చూరు పనికి జూన్ నెల వద్దు

రెడింగ్, ఇంగ్లండ్,
మార్చి మొదటి వారం.

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోనులో నువ్వు రెండు సంగతులు చెప్పావు. మిల్టన్ కీన్స్‌లో మీరు కొన్న ఇంటికి, పై అంతస్తు కిటికీ మీద చూరు మూలలో, సగానికి కోసిన మట్టి పిడతల్లాంటివి మూడు అంటుకుని ఉన్నాయన్నది మొదటిది. చూరు చెక్కలు, గట్టర్లు మార్చే మనిషికి జూన్‌లో ఖాళీ ఉంది కనుక అప్పుడే పరంజా కట్టించి, ఆ మట్టి గోకించి, తెల్లని ప్లాస్టిక్ పలకలు వేయించాలని అనుకుంటున్నారన్నది రెండోది. నువ్వు వాటిని విడివిడిగా చెప్పావు గాని, నిజానికి ఆ రెండూ ఒకటే సంగతి. అందుకే ఫోనులో సగం చెప్పి వదిలేసినదంతా ఈ ఉత్తరంలో వ్రాస్తున్నాను.

ఆ పిడతలు హౌస్ మార్టిన్ అనే పక్షి గూళ్లు. శీతాకాలంలో మన ఊళ్లలో కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చునే వానకోయిలకు ఇది దగ్గరి చుట్టం. వీపు నీలి మెరుపుతో నల్లగా, పొట్ట తెల్లగా ఉంటాయి. ఎగురుతున్నప్పుడు తోక మొదట కనిపించే తెల్లని పట్టీ ఒక్కటి చూస్తే చాలు, పోల్చుకోవచ్చు. వానకోయిలకు ఆ పట్టీ ఉండదు, గొంతు ఎర్రగా ఉంటుంది, అది సాధారణంగా పశువుల కొట్టాల లోపల దూలాల మీద గూడు పెడుతుంది. మార్టిన్ మాత్రం బయటి గోడ, చూరు కలిసే మూలనే కోరుకుంటుంది; పైన తాను దూరేటంత కంత మాత్రం విడిచి, మిగిలినదంతా మట్టితో మూసేస్తుంది. ఇరవై గ్రాములైనా తూగని ఈ పిట్ట సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో చలికాలం గడిపి, ఏటా ఇంత దూరం వచ్చి మీ చూరు కిందకు చేరుతుంది.

ఇక జూన్‌లో ఆ పని ఎందుకు వద్దో చెబుతాను. ఈ పక్షులు ఏప్రిల్ మధ్య నుంచి మే నెల దాకా విడతలు విడతలుగా వస్తాయి. పాత గూడు మిగిలి ఉంటే దానికి కొంచెం మట్టి మెత్తి సరిచేసుకుంటాయి, లేకపోతే కొత్తది మొదలుపెడతాయి. కొత్త గూటికి సుమారు వెయ్యి ముద్దల మట్టి కావాలి, అంటే ముక్కుతో వెయ్యిసార్లు మోసుకురావాలి. 18వ శతాబ్దంలో సెల్బోర్న్ అనే పల్లెలో ఉండిన గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు ఈ పనిని ఓపికగా గమనించి, పక్షి పొద్దుటి పూటే పని చేసి, రోజుకు అర అంగుళం మేర మాత్రమే పెంచి, ఆ వరుస ఆరి గట్టిపడే దాకా ఆగుతుందని వ్రాశాడు. మన ఊళ్లో మట్టి గోడ పెట్టేవాళ్లు చేసేదీ అదే. నిన్నటి వరుస ఆరితే గాని నేటి వరుస ఎత్తరు. గూడు పూర్తయ్యాక నాలుగైదు గుడ్లు పెట్టి, రెండు వారాలకు పైగా పొదిగి, పిల్లలను మూడు నాలుగు వారాలు గూటిలోనే మేపుతాయి. అంటే మీ మనిషి పరంజా కట్టే జూన్ నాటికి ఆ మూడు పిడతల్లోనూ పిల్లలుంటాయి. తరువాత జూలై, ఆగస్టుల్లో చాలా జంటలు రెండో విడత గుడ్లు పెడతాయి. ఆ పిల్లలు ఒక్కొక్కప్పుడు సెప్టెంబరు చివరి దాకా గూడు విడవవు.

ఇది మనసుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. గూడు కడుతుండగా గాని, అది వాడుకలో ఉండగా గాని తెలిసి పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ నేరం. జరిమానాతో పాటు జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. పని చేసిన మనిషితో పాటు చేయించిన నువ్వు కూడా సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. ఖాళీగా ఉన్న గూటిని చలికాలంలో తీసివేస్తే తప్పు లేదు గాని, తీయకుండా ఉంటేనే మంచిది. పాత గూడు దొరికిన జంట పది రోజుల పని తప్పించుకుని ముందుగా గుడ్లు పెడుతుంది, అప్పుడు రెండో విడతకు వ్యవధి చాలుతుంది. ఈ దేశంలో ఈ పక్షులు ఎంతగా తగ్గిపోయాయంటే, 2021లో వీటిని, అపాయంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు.

కాబట్టి పనిని అక్టోబరు మధ్యకు మార్చు. ఈ నెలాఖరులోగా ముగించవచ్చు గదా అని అడుగుతావేమో. చెక్కలు పుచ్చి నీళ్లు ఇంట్లోకి దిగుతుంటే తప్పదు, లేదంటే తొందర వద్దు. వాతావరణం బాగాలేదనో, సామాను రాలేదనో మార్చిలో పెట్టిన పని మేలోకి జారడం ఇక్కడ మామూలే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మీ పెదనాన్నగారు, ఒకే ఖర్చుతో పోతుందని, చలికాలంలో చూరంతా ప్లాస్టిక్ పలకలు వేయించారు. గూళ్లు ఖాళీగానే ఉన్నాయి కనుక చట్టం దృష్టిలో మేము చేసినది తప్పు కాదు. మే నెలలో పక్షులు వచ్చి, ఆ నున్నటి పలక మీద మట్టి అంటించడం, అది జారి కిటికీ గడప మీద పడడం, మళ్లీ అంటించడం నేను వంటగదిలో నిలబడి చూశాను. రెండు వారాలు ప్రయత్నించి మానుకుని పోయాయి. మూడేళ్ల పాటు ఒక్క జంట కూడా రాలేదు. కాబట్టి ఆ మూడు గూళ్లూ ఉన్న భాగంలో చెక్క గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచి, మిగిలిన వైపులు మాత్రమే మార్చమని చెప్పు. అది కుదరదంటే, కర్రపొట్టు, సిమెంటు కలిపి పిడత ఆకారంలో చేసిన కృత్రిమ గూళ్లు దొరుకుతాయి, పరంజా ఉండగానే అదే మూలలో వాటిని బిగించమను. ఒక్కటి పెట్టి ఊరుకోవద్దు. ఇవి గుంపుగా బతికే పక్షులు, పక్కపక్కన రెండు మూడు ఉంటేనే ధైర్యంగా వస్తాయి.

తరువాత మేము బిగించిన కృత్రిమ గూళ్లలోకి మొదట వచ్చినవి మార్టిన్లు కావు, ఊరపిచ్చుకలు. మార్టిన్ సగం కట్టిన గూటిని కూడా అవి ఆక్రమించుకుంటాయి. గూటి ముందు అడుగు పొడవున్న దారాలను, చివర చిన్న బరువులు కట్టి, మూడు వేళ్ల ఎడంతో వేలాడదీస్తే, కింది నుంచి నిటారుగా పైకి దూసుకువచ్చే మార్టిన్‌కు అడ్డు ఉండదు, పిచ్చుకకు మాత్రం ఉంటుంది. మాకు అది పనిచేసింది. అయితే పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులు చూరుకు వేలాడదీసిన ఇంటి పిల్లవు నువ్వు, పిచ్చుకను తరిమి ఊరుకొమ్మని నేను చెప్పలేను. పైగా ఈ దేశంలో అది కూడా ఎర్ర జాబితాలోనే ఉంది. ఇంటికి మరోవైపు దానికి వేరే పెట్టె పెట్టు, దారి 32 మిల్లీమీటర్లు ఉండాలి.

గూళ్లుంటే కింద రెట్ట పడుతుందన్న మీ అత్తగారి అభ్యంతరం న్యాయమైనదే. గుమ్మం ముందు పడితే ఎవరికైనా చిరాకే, గూళ్లు పడగొట్టించేవాళ్లలో ఎక్కువ మంది చెప్పే కారణం కూడా ఇదే. గూటికి బాగా కిందుగా, కిటికీకి పైగా, జానెడు వెడల్పున్న చెక్కను అరలాగా గోడకు బిగించండి. గూటికి మరీ దగ్గరగా పెడితే పక్షి రాకపోకలకు అడ్డం అవుతుంది. ఈ చెక్కను ఏప్రిల్ రాకముందే పెట్టాలి, శరదృతువులో చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని, తడిపి కడగాలి. ఎండిన రెట్టను గోకితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కారును మాత్రం నాలుగు నెలలు రెండడుగులు పక్కకు పెట్టుకోండి.

వేసవి మొదట్లో వానలు లేకపోతే వాటికి మట్టి దొరకదు. పెరట్లో పిల్లి మాటు వేయడానికి పొదలేవీ లేని బయలు చోట, వెడల్పాటి పళ్లెంలో బంకమట్టి పోసి, ఏప్రిల్ మధ్య నుంచి రోజూ తడుపుతూ ఉండు. తిండి మాత్రం పెట్టవద్దు. రొట్టె, గింజలు ఇవి ముట్టవు, గాలిలో ఎగిరే పురుగులనే తింటాయి. కాబట్టి గులాబీలకు పేను పట్టిందని మందు కొట్టకుండా ఉండడమే నువ్వు వాటికి పెట్టే భోజనం. రాత్రిళ్లు గూట్లోంచి సన్నగా కబుర్లు వినిపిస్తే కంగారు పడవద్దు. మొదటి విడత పిల్లలు కూడా నిద్రకు అదే గూటికి రావడం వల్ల ఆ ఇరుకులో అలా సద్దుకుంటూ ఉంటాయి. ఒకవేళ పిల్లలతో గూడు ఊడి పడితే, ఒక చిన్న పెట్టెలో వాటిని ఉంచి, పాత చోటికి వీలైనంత దగ్గరగా ఎత్తున బిగించి, మీ దగ్గరలోని వన్యప్రాణి రక్షణ కేంద్రానికి వెంటనే ఫోను చేయి.

పరంజా కట్టించేటప్పుడు మరొక పక్షిని మరచిపోవద్దు. స్విఫ్ట్ అనేది గూడు బయటికి కనబడనివ్వదు. పెంకుల కింద, చూరు సందులో లోపలికి దూరి గుడ్లు పెడుతుంది, మే మొదట్లో వచ్చి ఆగస్టుకల్లా వెళ్లిపోతుంది. పని అక్టోబరులో కనుక దానికి అపాయం లేదు గాని, నీటుగా ఉంటుందని సందులన్నీ మూయిస్తే మరుసటి ఏడు అది వచ్చి మూసిన గోడకు కొట్టుకుంటుంది. ఈ వేసవిలో సాయంత్రం పూట పెరట్లో కూర్చుని, ఏ సందులోకి ఏది దూరుతోందో కాగితం మీద గుర్తు పెట్టి, ఆ కాగితాన్ని పని చేసే మనిషికి ఇవ్వు.

మిగిలినవి త్వరగా చెబుతాను. కంచె మొక్కలను మార్చి నుంచి ఆగస్టు దాకా కత్తిరించవద్దు, బ్లాక్‌బర్డ్, రాబిన్ వంటి పిట్టలు వాటిలోనే గూళ్లు పెడతాయి. బ్లూ టిట్ అనే చిన్న పిట్టకు పెట్టే గూటిపెట్టెకు దారి 25 మిల్లీమీటర్లు చాలు. దాన్ని ఉత్తరానికి, తూర్పుకు మధ్యగా తిప్పి బిగిస్తే ఎండ, ఈదురు వాన తగలవు. గడ్డిలో బొద్దుగా, తోక కురచగా ఉన్న పిల్ల కనబడితే ఇంట్లోకి తెచ్చి పాలు పట్టకు, తల్లి దగ్గరలోనే ఉంటుంది. పక్కింటివాళ్ల పిల్లిని కాస్త కట్టడి చేయమని అడుగు. శరదృతువులో పెట్టెలు దించి, పాత గడ్డి పారవేసి, మరిగే నీళ్లు పోసి, ఆరాక మళ్లీ అక్కడే తగిలించు. చలికాలంలో ఖాళీగా ఉన్నాయని లోపల పెట్టకు, రాత్రిళ్లు చిన్న పిట్టలు వాటిలో తలదాచుకుంటాయి. 1969 చలికాలంలో నార్ఫోక్‌లో ఒక్క పెట్టెలో 61 రెన్ పిట్టలు నిద్రించాయి. మన పెళ్లిళ్లలో విడిది గదుల సంగతి గుర్తుకు వచ్చి నేను ఆ లెక్కను మరచిపోలేదు.

పరంజా మనిషికి ఈ వారంలోనే ఫోను చేసి అక్టోబరు తేదీ తీసుకో. పనికి ముందు రోజు సాయంత్రం గంట సేపు ఆ మూడు గూళ్లనూ గమనించి, ఏదైనా పక్షి తిండి తెస్తూ కనబడితే మరో రెండు వారాలు ఆగవలసి ఉంటుందని అతనికి ఇప్పుడే చెప్పి, ఆ మాట కొటేషన్‌లో వ్రాయించుకో. మా గోడకు బిగించగా మిగిలిన రెండు కృత్రిమ గూళ్లు గారేజీలో ఉన్నాయి, ఉగాదికి మీరు వచ్చినప్పుడు పట్టుకుపోదురు గాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ.