1918 బొంబాయి సావరిన్, నిజాం అష్రఫీ: కొనేముందు నేను చూసేవి

1918 బొంబాయి సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణేన్ని ‘వాడకంలోకి రాని నాణెం’ అంటూ అమ్మకందారు బంగారం విలువకు మించి చాలా ఎక్కువ అడుగుతున్నాడని, హైదరాబాద్ నిజాముల బంగారు నాణెమైన అష్రఫీ ఒకటి కూడా చూపించాడని, ఈ రెండూ కొనవచ్చునా, నాణెం స్థితికి అంకె వేయించే గ్రేడింగ్‌కు విదేశానికి పంపవచ్చునా అని మీరు అడిగారు. చాలాకాలంగా ఇటువంటివి సేకరిస్తున్న నేను నాణెం చేతికి రాగానే సంవత్సరం కంటే ముందు అంచు చూస్తాను.

దానికి కారణం మన ఇళ్లలోనే ఉంది. ఇక్కడ బంగారు నాణెం పెట్టెలో దాచుకున్న సొమ్ముగా కంటే మెడలో నగగా బతికింది. పూర్వం కాసులపేరులో అసలు నాణేలకే కొక్కేలు అతికి గుచ్చిన ఇళ్లు చాలా ఉండేవి. ఆ పేరు తెగినప్పుడో, అక్కచెల్లెళ్ల మధ్య పంపకాలు జరిగినప్పుడో కంసాలి కొక్కెం తీసేసి, టంకం ఆనవాలును ఆకురాయితో నున్నగా చేసి ఇచ్చేవాడు. పండగ వచ్చినప్పుడల్లా కుంకుడు రసంలో నానబెట్టి రుద్దడం సరేసరి. నగగా చూసుకున్నవారికి అది శుభ్రత, సేకర్తకు మాత్రం పూడ్చలేని నష్టం.

కనుక నాణేన్ని ఒకే దీపం కింద, పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ముద్ర వేసినప్పటి సహజమైన మెరుపు అయితే మీరు తిప్పుతున్నకొద్దీ అది నాణెం మీద కదులుతుంది. మెరుగు పెట్టిన నాణెం మాత్రం ఏ కోణంలో చూసినా ఒకేలా తళతళలాడుతుంది, పైగా దాని మీద సన్నటి గీతలు ఒకే దిశలో సాగి కనిపిస్తాయి. రాజు తలకు సరిగ్గా పైన అంచు మీది గాట్లు చెరిగి, అక్కడ రంగు కాస్త తేడాగా ఉంటే కొక్కెం ఉండేదని అనుమానించవలసిందే. గ్రేడింగ్ సంస్థలు వాడే షెల్డన్ కొలమానంలో అంకెలు 1 నుంచి 70 వరకు ఉంటాయి, 60 నుంచి పైవి వాడకంలోకి రానివి. కొక్కెం తీసిన నాణేనికి, మెరుగు పెట్టిన నాణేనికి సాధారణంగా అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని మాత్రమే రాస్తారు, దానితో ధర కూడా దిగుతుంది.

ఇక మీ సావరిన్ సంగతి. బ్రిటన్ టంకశాల అయిన రాయల్ మింట్ బొంబాయి శాఖ 1918లో మాత్రమే ఈ నాణేలు ముద్రించింది. గుర్రం నిలిచిన నేల గీత మీద, సంవత్సరానికి పైన, చిన్న ఇంగ్లీషు ‘I’ అక్షరం ఉంటుంది. ఒక్క ఏడాదే వచ్చిందనే మాటతో దీన్ని అరుదైనదిగా అమ్ముతారు గానీ, ముద్రించినవి దాదాపు 13 లక్షలు. కాబట్టి అదనపు ధర పెడితే స్థితికే పెట్టాలి. బరువు 7.988 గ్రాములు, 22 క్యారెట్లు సరిపోయినంత మాత్రాన నమ్మకండి, ఎందుకంటే నిజమైన బంగారంతోనే చేసిన నకిలీ సావరిన్లు కూడా ఉన్నాయి. నాణెం గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన పెట్టెలో ఉంటే, దాని మీది సంఖ్యను గ్రేడింగ్ సంస్థ సైటులో వెతికి, అక్కడి ఫొటోతో పోల్చుకోండి.

అష్రఫీ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. సుమారు 11 గ్రాముల ఆ నాణెం మీది చార్మినార్ ద్వారంలో ఉర్దూ లిపిలోని ‘మీమ్’ (م) అక్షరం ఉంటే అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ (ع) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. మినార్ల మీది సన్నని పనితనం చెరగకుండా నిలిచి, అంచుకు ఏ దెబ్బా లేని అష్రఫీ దొరికితే, ఆ సావరిన్‌ను వదులుకొనైనా దీన్ని తీసుకోమంటాను. కొనేముందు సైఫాబాద్ టంకశాల మ్యూజియానికి వెళ్లి నిజాం కాలపు నాణేలను తీరిగ్గా చూసి రండి.

విజయనగర వరహాల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. సుత్తి దెబ్బతో ముద్రించిన ఆ చిన్న నాణేల మీద సంవత్సరం ఉండదు, అచ్చులోని అక్షరాలన్నీ పడనూ పడవు, కనుక వాటి స్థితిని అంచనా వేయడానికి కన్ను వేరుగా అలవాటు పడాలి.

చివరిగా విదేశీ గ్రేడింగ్. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. 1918 సావరిన్‌కు నూరేళ్లు ఎప్పుడో నిండాయి, కాబట్టి మీరు దాన్ని బయటికి పంపలేరు. ‘ముందు కొనండి, గ్రేడింగ్ తరువాత అక్కడ చేయించుకోవచ్చు’ అని అమ్మకందారు అంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోకుండా, ఇప్పుడు మీ కంటికి కనిపిస్తున్న స్థితికే ధర కట్టండి.