టెక్ సందేహాలు: అరిగిపోయిన సమాధి రాతలను ఫోన్‌తో చదవడం ఎలా?

పూర్వీకుల వివరాలు వెతికేవాళ్లు, పాత సమాధుల తోటలను ఫొటోలు తీసి భద్రపరిచేవాళ్లు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాను. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి మొదటి జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది.

ప్రశ్న: పాత సమాధి రాయిని చాలా ఫొటోలు తీశాను. నేరుగా చూస్తే అక్షరాలు ఉన్నట్టు తెలుస్తోంది కానీ, ఫొటోలో బోసి రాయిలా కనిపిస్తోంది. వాటిని చదివిపెట్టే యాప్ ఏదైనా ఉందా?

యాప్ సంగతి తర్వాత. ముందు వెలుతురు సరిచేసుకోండి. అరిగిన రాతిలో అక్షరానికీ రాతికీ రంగు తేడా ఉండదు. మిగిలేది లోతులో కొద్దిపాటి తేడా, అదీ మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. ఆ లోతు కెమెరాకు కనిపించాలంటే నీడ పడాలి. ఎదురెండలో తీసినా, ఫ్లాష్ వేసి తీసినా ఉన్న కాస్త నీడా పోతుంది. మీ ఫొటోల్లో జరిగింది బహుశా అదే.

సాయంత్రం చీకటి పడ్డాక ఫోన్‌ను ట్రైపాడ్ మీద రాతికి ఎదురుగా కదలకుండా పెట్టండి. టార్చిని రాతి అంచు దగ్గర, దాదాపు రాతికి ఆనినట్టుగా, పది పదిహేను డిగ్రీల వాలులో పట్టుకోండి. వెలుగు రాతి మీదుగా జారుతూ వెళ్లాలి. పగలే తీయాల్సి వస్తే రాతికి గొడుగుతో నీడ పట్టి, అద్దంతో ఎండను పక్క నుంచి రాతి మీదికి మళ్లించండి.

ఒక్క వైపు నుంచి వెలుగు పడితే సరిపోదు. వెలుగు ఏ దిక్కుగా వెళుతుందో ఆ దిక్కుగా ఉన్న గీతలకు నీడ పడదు. పక్క నుంచి టార్చి వేస్తే ఇంగ్లిష్ ఈ, ఎఫ్, ఎల్, టీ అక్షరాల అడ్డగీతలు మాయమై నాలుగూ 'ఐ'లాగే కనిపిస్తాయి. అందుకే ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు మూలలు అన్నిటి నుంచీ వెలుగు వేసి, ఫోన్‌ను కదపకుండా ఒక్కో ఫొటో తీయండి. కింది నుంచి వెలుగు పడిన ఫొటోలో చెక్కిన అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అప్పుడు ఫొటోను తలకిందులు చేసి చూడండి, గుంటలు గుంటల్లాగే కనిపిస్తాయి.

ఫోన్ సెట్టింగుల్లో హెచ్‌డీఆర్, నైట్ మోడ్ ఆపేయండి. నీడలను తేలిక చేయడం వాటి పని, మనకు కావాల్సినవేమో ఆ నీడలే. తెర మీద కాసేపు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేస్తే ఫొటోలన్నీ ఒకే వెలుగులో వస్తాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. ఎడమ నుంచి వెలుగు పడిన ఫొటోనూ, కుడి నుంచి పడినదాన్నీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టండి. పై లేయర్‌కు 'డిఫరెన్స్' మోడ్ ఇవ్వండి. పాచి, మరకలు, రాతి చారలు రెండు ఫొటోల్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి చాలావరకు కొట్టుకుపోతాయి. నీడలు మాత్రం ఒకదానిలో గీతకు ఒక వైపు, రెండోదానిలో మరో వైపు పడతాయి కాబట్టి అవి మిగులుతాయి. బొమ్మ నల్లగా వచ్చిందని కంగారు పడకండి, 'లెవెల్స్'లో కొంచెం వెలుగు పెంచితే అక్షరాలు బయటపడతాయి. మచ్చలు ఎక్కువగా ఉన్న రాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ పద్ధతే.

దీన్నే ఇంకా లోతుగా చేసే పద్ధతి ఆర్‌టీఐ, అంటే రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్. 2001లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రకటించిన పద్ధతి దీనికి మూలం. సముద్రంలో దొరికిన ప్రాచీన గ్రీకు యంత్రం యాంటికితెరా మీది రాతలను 2005లో ఇలాగే పరిశీలించారు. నిగనిగలాడే నల్లటి గోళీని రాతి పక్కన పెట్టి, వెలుగును చుట్టూ తిప్పుతూ కొన్ని పదుల ఫొటోలు తీస్తారు. గోళీ మీది మెరుపును బట్టి వెలుగు ఎటు నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఆ తర్వాత తెర మీద మౌస్‌తో వెలుగును మీకు నచ్చిన వైపు తిప్పుకుంటూ చదవొచ్చు. దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఓపిక ఉన్నవాళ్లు తప్పక ప్రయత్నించండి.

ప్రశ్న: మసకగా ఉన్న ఫొటోను ఏఐ ఎన్‌హాన్స్ యాప్‌లో వేస్తే పుట్టిన ఏడు 1785 అని స్పష్టంగా వచ్చింది. ఇంకో యాప్ 1735 అంటోంది. ఏది నమ్మాలి?

రెండూ నమ్మకండి. ఆ యాప్‌లు రాతిలో ఉన్నదాన్ని చదవవు. అక్కడ ఏ అంకె ఉంటే బాగా నప్పుతుందో ఊహించి, దాన్ని పదునుగా గీసి చూపిస్తాయి. పదునుగా ఉంది కాబట్టి నిజమనిపిస్తుంది, ప్రమాదం అక్కడే. ఏఐ లేకుండా కూడా ఇలాంటిది జరిగింది. జిరాక్స్ సంస్థ యంత్రాలు కొన్ని స్కాన్ చేసిన కాగితాల్లో 6 ఉన్నచోట 8 వేస్తున్నాయని 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు బయటపెట్టాడు. ఫైలు చిన్నది చేసే క్రమంలో, ఒకేలా కనిపించే అంకెలను యంత్రం ఒకటిగా లెక్కేసింది. చూసేవాళ్లకు అంకె స్పష్టంగానే ఉంది, అనుమానించడానికి ఆధారమే లేదు.

మీ రాతి మీదే ఆధారం ఉంది. మరణించిన ఏడు 1838 అనీ, వయసు 63 అనీ స్పష్టంగా కనిపిస్తున్నట్టు మీరే రాశారు. 1785 అయితే వయసు 53 దాటదు, 1735 అయితే వందేళ్లు పైబడాలి. 1775 అయితే సరిపోతుంది. ఆ మూడో అంకె దగ్గర పై నుంచి టార్చి వేసి మళ్లీ ఫొటో తీయండి. 7 అయితే పైన అడ్డగీత నీడ కనిపించాలి.

అప్పటికీ తేలకపోతే తేలలేదని రాసుకోవడమే మంచిది. శాసనాలు చదివే పండితులు 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు: అనుమానంగా ఉన్న అక్షరం కింద చుక్క, పోయినచోట తాము పూరించింది చదరపు బ్రాకెట్లలో. మీరు టైప్ చేసేటప్పుడు చుక్కకు బదులు ప్రశ్నార్థకం పెట్టుకోండి. మీ తర్వాత చదివేవాళ్లకు ఏది చూసిందో, ఏది ఊహించిందో తెలియాలి.

ప్రశ్న: షేవింగ్ క్రీమ్ పూసి తుడిస్తే అక్షరాలు తెల్లగా తేలుతాయని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చా?

దయచేసి చేయకండి. షేవింగ్ క్రీమ్‌లో స్టియరిక్ ఆమ్లం లాంటివి ఉంటాయి, రాతి సందుల్లోకి దిగినదాన్ని పూర్తిగా కడగలేం. పాలరాయి అంటే కాల్షియం కార్బనేటే, ఆమ్లం దాన్ని తినేస్తుంది. బ్లీచ్ వేస్తే లోపల లవణాలు గడ్డకట్టి రాయి పొరలుగా ఊడుతుంది. ఇనుప బ్రష్, సుద్దముక్క కూడా వద్దు. వేలితో తాకితే పొడి రాలే రాయిని అసలు ముట్టుకోకండి. గట్టి రాయి అయితే మంచినీళ్లు చల్లి చూడొచ్చు, అదీ అక్కడి నిర్వాహకులను అడిగాకే.

ప్రశ్న: రాతలు స్పష్టంగానే ఉన్నాయి, అర్థమే కావడం లేదు. పుట్టింది 1730 నవంబర్, పోయింది 1730 ఫిబ్రవరి! పక్క రాతి మీద నెల ఉండాల్సిన చోట 8 అంకె, దాని పక్కన బీ, ఈ, ఆర్ ఉన్నాయి. ఇంకో ఫలకం మీద అక్షరాలే లేవు, చిన్న చిన్న రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

మీరు పంపినవి ఇంగ్లండ్ సమాధుల ఫొటోలు. అక్కడ 1751 దాకా అధికారికంగా కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1730 నవంబర్ తర్వాత వచ్చే ఫిబ్రవరి కూడా 1730 కిందికే వస్తుంది. ఆ బిడ్డ బతికింది మూడు నెలలే. కొన్ని రాళ్ల మీద 1731/2 అని రెండేళ్లు కలిపి చెక్కింది కూడా ఈ తికమక లేకుండా ఉండాలనే. వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి తేదీ వేస్తే 'తప్పు' అని ఎర్రగా చూపించొచ్చు. దాన్ని సరిదిద్దకండి, రాతి మీద ఉన్నది ఉన్నట్టు నోట్‌లో రాసి, మన లెక్కలో 1731 అని పక్కన చేర్చండి.

8 పక్కన బీ, ఈ, ఆర్ ఉంటే అక్టోబర్. ఆ పేరులో 'అక్టో' అంటే లాటిన్‌లో ఎనిమిది. 7 ఉంటే సెప్టెంబర్. భార్య పేరు దగ్గర 'రెలిక్ట్' అని ఉంటే భర్త ముందే పోయాడని, 'కాన్సార్ట్' అని ఉంటే సాధారణంగా ఆమే ముందు పోయిందని తెలుసుకోవాలి. పాత 'ఎస్' మాట మధ్యలో 'ఎఫ్'లా ఉంటుంది, ఫొటోలో రాతలు చదివే యాప్‌లు బోల్తా పడేది అక్కడే.

ఇక రంధ్రాల విషయం. సీసంతో చేసిన అక్షరాలను రాతిలో బిగించడానికి వేసినవి అవి. అక్షరాలు ఊడిపోయినా రంధ్రాల అమరిక మిగులుతుంది. అదే ఫలకం మీద ఎక్కడైనా ఒకటి రెండు అక్షరాలు ఊడకుండా ఉంటే గింప్‌లో వాటిని కత్తిరించి, సగం పారదర్శకంగా చేసి, ఖాళీ రంధ్రాల మీద జరుపుతూ చూడండి. అక్షరం ఒంపులన్నీ రంధ్రాల మీద సరిగ్గా కూర్చుంటే అది ఆ అక్షరమే అయ్యే అవకాశం ఎక్కువ. నెమ్మదిగా సాగే పనే కానీ, పేరు బయటపడుతుంది.

ప్రశ్న: మా ఫోన్‌లో లైడార్ ఉంది. దాంతో రాయిని 3డీ స్కాన్ చేస్తే చదవొచ్చా?

చదవలేరు. లైడార్ అంటే లేజర్ వెలుగుతో దూరం కొలిచే సెన్సర్. ఫోన్‌లో ఉండేది గది కొలతలకు పనికొస్తుంది, మిల్లీమీటర్ లోతును పట్టలేదు. 3డీ కావాలంటే ఫొటోగ్రామెట్రీ చేయండి, అంటే చాలా ఫొటోలను కలిపి 3డీ మోడల్ తయారుచేయడం. మబ్బు పట్టిన రోజున, నీడలు లేని వెలుతురులో, ఒక ఫొటోలో కనిపించిన భాగం చాలావరకు తర్వాతి ఫొటోలోనూ వచ్చేలా రాతి చుట్టూ కదులుతూ యాభై అరవై ఫొటోలు తీసి, మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేయండి. దానికి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఉంటే మంచిది. వచ్చిన మోడల్‌ను 3డీ మోడళ్లు చూపించే మెష్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ముందుగా రాతి రంగును ఆపేయండి. ఉత్త ఆకారం మాత్రమే మిగిలాక వెలుగును తిప్పుతూ చదవండి.