తెలివైన ఫ్రెండ్స్ మధ్య ఉంటే మనం ఎదుగుతామా, కుంగిపోతామా?

"మా బ్యాచ్‌లో అందరూ నాకంటే బాగా చదువుతారు. వాళ్ళతో తిరిగితే ఎదుగుతానా, కుంగిపోతానా?" అని అడిగారు. రెండూ జరుగుతాయండీ. వాళ్ళ మార్కులే చూస్తున్నారా, వాళ్ళు కుస్తీ పట్టే తీరు కూడా చూస్తున్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మాది గాజువాక. ఇంటర్‌లో మా కాలేజీ వాళ్ళు టెస్టు మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. కింది సెక్షన్‌లో ఉన్నన్నాళ్ళూ లెక్కల్లో నాకు తిరుగులేదు. పై సెక్షన్‌కి పంపాక అవే మార్కులు వస్తున్నా మొద్దునైపోయాననిపించేది. హెర్బర్ట్ మార్ష్ అనే సైకాలజిస్టు 1980ల్లోనే ఈ సంగతి చెప్పాడు: సమానంగా చదివే ఇద్దరిలో, గట్టి పిల్లలున్న బడిలో చేరినవాడికి తన చదువు మీద నమ్మకం తక్కువగా ఉంటుందని. కాబట్టి ఆ దిగులును చూసి మీ తెలివిని లెక్కగట్టుకోకండి.

నాకు పనికొచ్చింది మాత్రం పక్క బెంచీ వాడు. ఫిజిక్స్ లెక్క చూడగానే వాడికి జవాబు తట్టేస్తుందని క్లాసంతా అనుకునేది. ఆదివారాలు ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టర్స్‌కి వెళ్ళి కూర్చున్నాక అసలు కథ తెలిసింది. ముందు బొమ్మ గీస్తాడు, ఇచ్చిన విలువలన్నీ పక్కన రాసుకుంటాడు, యూనిట్లు చూసుకుంటాడు, కుదరకపోతే కొట్టేసి మళ్ళీ మొదటికొస్తాడు. మంచం కింద చిత్తు కాగితాలు కట్టలు కట్టలు! "ఒరేయ్, నీకూ రాదా?" అంటే, "రాకపోబట్టే కదరా ఇంతసేపు" అన్నాడు. ఆ పద్ధతి నాకూ అంటుకుంది. ర్యాంకులో వాడే ముందున్నాడు, అది వేరే సంగతి.

అలాగని తెలివైనవాళ్ళ మధ్య పడేస్తే చాలనుకోకండి. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో అదే ప్రయోగం చేశారు. చదువులో వెనకబడ్డ కేడెట్లను మంచి మార్కులవాళ్ళు ఎక్కువగా ఉన్న స్క్వాడ్రన్లలో కావాలనే కలిపారు. 2013లో అచ్చైన ఫలితాల్లో ఏం తేలిందంటే, వాళ్ళు ఇంకా వెనకబడ్డారు! ఒకే చోట ఉన్నా ఎవరి జట్టు వాళ్ళే కట్టుకున్నారట. మన హాస్టల్ మెస్‌లో టేబుళ్ళు చూస్తే ఇందులో వింతేమీ కనబడదు.

అందుకే బ్యాచ్ మొత్తాన్ని వదిలేసి ఒక్కరిని పట్టుకోండి. టాపరే కానక్కర్లేదు. మీకు ఎందుకు అర్థం కావట్లేదో టాపర్‌కి అర్థం కాదు. మొన్నటిదాకా అక్కడే ఇరుక్కున్నవాళ్ళైతే చెప్పగలరు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో పక్కపక్కన కూర్చుని ఒకే లెక్క విడివిడిగా చేయండి. లోపల మాట్లాడుకోవడం కుదరదు కాబట్టి బయటికొచ్చి టీ తాగుతూ ఒకరి నోట్సు ఒకరు చూసుకోండి. రిజల్ట్స్ రోజు మాత్రం బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేయండి. మా ఆఫీసులో జీతాలు పెరిగే నెలలో నేను ఇప్పటికీ అదే చేస్తాను.